నలభై రెండు పేర్లు

వాయిగుయా సంతలో పాత ఇనుము కొట్టు.
ఏ లారీ అద్దం తుడిచి తుడిచి అలిసిందో ఈ మోటారు,
గంటసేపు బేరమాడి తెచ్చాను.
సైకిలు పళ్లచక్రం, రెండు బోల్టులు, ఒక కమ్మీ.
చేతిపంపు పిడికి బిగించాను.
సోలారు పలక మంచం కన్నా చిన్నది,
హర్మతాన్ దుమ్ములోంచి ఎండ వెతుక్కుంటూ వాలి ఉంది.

పోగ్బీ పక్కనే నిలబడింది,
పదకొండేళ్లుగా ఆ పిడికి గ్రీజు పూసిన మనిషి.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
నడుం గుడ్డ విప్పి మళ్లీ బిగించుకుంది.

తీగ తగిలించాను.
ఎవరూ పట్టుకోని పిడి
లేచింది, వంగింది.
పిల్లలు కేకపెట్టి పారిపోయారు,
నవ్వుకుంటూ వెనక్కొచ్చారు.

ఆమె పెదాలు మాత్రం కదులుతున్నాయి.
దెబ్బకో పేరట. పోయినవాళ్ల పేర్లు.
రావ్గో, తెన్నోగా, పురిట్లోనే పోయిన కవలలిద్దరూ...
నలభై రెండో పేరుకి
పసుపు డబ్బా మూతిదాకా నిండేదట, ఇన్నేళ్లూ.

నా మోటారుకి చెయ్యి పొట్టి.
పిడి సగమే లేస్తుంది, నీళ్లు సగమే పడతాయి.
పేర్లయిపోయాయి.
డబ్బాలో ఇంకా బోలెడు ఖాళీ.

నాకు సిగ్గేసింది.
కమ్మీ ఇంకాస్త పొడుగుది వేస్తే
సరిపోతుందిలే అన్నాను.

"ఎందుకూ?" అంది, నీటి చప్పుడు వింటూ.
"మీవాళ్లెవరైనా ఉంటే చెప్పు.
చోటుంది."

స్పానరు కింద పెట్టాను.
మా నాన్న పేరు నోటికొచ్చి చాలా కాలమైంది.
పిడి వంగేదాకా ఆగి
"యాంబా" అన్నాను.