సుగ్గి చీటీ

కోసిగి అవతల, మా వీధిలో పదకొండు తాళాలు.
మిరపకాయల సుగ్గికని గుంటూరు లారీ ఎక్కిన ఇళ్లు.

వన్నూరమ్మ మెడలో నల్లదారం,
దారానికి తాళంచెవి.
ఈ ఏడు లారీ ఎక్కని పిల్ల.

బడి పక్కన రేకుల షెడ్డు, సంఘమోళ్ల హాస్టలు.
రొట్టెలు నేనే కాలుస్తాను.
నర్సమ్మ నెలకోసారి వచ్చి
కనురెప్పల కింద ఎరుపు వెతుకుతుంది.
గోడమీది దాతల పేర్లతో
చిన్నపిల్లలు గుణింతం నేరుస్తారు.

నిన్న రాత్రి ఎవరిదో ఫోన్లోంచి
వాళ్లమ్మ కూలిచీటీ ఫోటో పంపింది.
పిల్ల వేలుపెట్టి చదివింది.
మళ్లీ చదివింది.
"మా, పద్దెనిమిది దినాలు పోయినానంటివే?
ఈడ పదహారే రాసినారు."

అవతల ఘాటుకు దగ్గు.
చానాసేపు.
"అట్లనా" అనింది.
ఆనక,
"రొట్టె తింటివా?"