ఎండ మోతాదు

దక్షిణం వైపు నాలుగో అంతస్తు లేచాక
మార్గశిరం నుంచీ మా వంటింటి కిటికీకి ఎండ లేదు.
వేసవిలో నడినెత్తి మీంచి దిగేవాడు
చలికాలం నడుం వంచి పక్కదారిన పోతాడు కదా,
బెండి వారి నీళ్ల ట్యాంకు వెనకే
వస్తున్నాడు, వెళ్లిపోతున్నాడు.

నాకేం, నేను చీకటి గది మనిషిని.
ఇరవై రెండేళ్లుగా రిమ్స్‌లో ఎక్స్‌రేలు తీస్తున్నాను.
ఊపిరి బిగపట్టండి. కదలకండి. అయిపోయింది.
చింతకి అలా చెప్పి పంపేయడం కుదరదు.

పంతొమ్మిదేళ్ల చెట్టు, మోకాలెత్తు.
చారుకి పిసికి పారేసిన పిక్క
గిన్నెలు తోమేచోట మొలిచింది.
రాగి తీగ చుట్టి కొమ్మలు వంచింది నేనే,
మూడుసార్లు వేళ్లు కత్తిరించి
పళ్లెమంత మట్టిలో ముసలిదాన్ని చేసిందీ నేనే.
పుష్యానికి ఆకు పసుపెక్కి రాలుతోంది,
కొత్త రెమ్మలు పీలగా కిటికీ వైపు మెడలు సాచాయి.

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర దాలినాయుడి కొట్టు.
"ఏటి కావాల మేడమ్?"
"చెట్టుకి లైటు."
"పెళ్లికా, తీర్తానికా?"
"తిండికి."

ముందు కోడిపిల్లల బల్బు తీశాడు, ఎచ్చగుంటాదన్నాడు.
వేడి కాదు నాయుడూ, వెలుతురు.
అయితే పచ్చది పట్టుకెళ్లండి, సెట్టు పచ్చన కదా.
ఆకు ఆ రంగుని వద్దని వెనక్కి తోసేస్తుంది,
మన కంటికి ఆనేది అలా తోసేసిందే అన్నాను.
బల్బు డబ్బాలో పెడుతూ ఆగాడు.
"అంటే ఇష్టం లేందాన్నే ఒంటికి పూసుకుంటాదన్నమాట."
ఆ మాట ఏడు రోడ్ల దాకా నా పక్కనే నడిచింది.

ఊదా రంగు పలక ఒక్క రాత్రి వెలిగించాను.
వీధంతా వంకాయ రంగు.
ఎదురింటి లచ్చుమమ్మ గడప దిగి వచ్చింది:
"ఏటి పిల్లా, మీ ఇంటికాడ సినిమా తీస్తన్నారేటి?"
దాని కింద పసుపాకూ మంచాకూ ఒకే నలుపు.
రోగం కనపడనివ్వని వెలుగు
నా ఉద్యోగానికే పరువు తక్కువ.
పొద్దున్నే వాపసు ఇచ్చేశాను.

చివరికి తెల్లది. ఇరవై నాలుగు వాట్లు,
డబ్బా మీద ఆరువేల అయిదువందల కెల్విన్ అని ఉంది.
కొమ్మకి జానెడు పైన కట్టాను.
దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు,
ఈ లెక్కే ఇన్నాళ్లూ నాకు అన్నం పెట్టింది.
అరచెయ్యి కింద పెట్టి చూశాను, కాలలేదు.
టైమరు ఆరు నుంచి ఆరు.

మీ ట్యాంకు నీడ ఖరీదు నెలకి
ఎనిమిదిన్నర యూనిట్లు అని బెండి ఆయనకి చెప్పాను.
నవ్వి, మోటారు వెయ్యడానికి వెళ్లిపోయాడు.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు
ఎండ లోపలికొచ్చి పాదాలు తాకితే
తెల్లారకముందే క్యూ కడతారు జనం, నేనూ కట్టాను.
మా వంటింట్లోకి రెండు నెలలు రాకపోతే
అడిగేది ఈ ఒక్క చింతే.

సెలవు రోజున ఎదురుగా కూర్చున్నాను,
ఒళ్లో చాట, చాటలో బియ్యం.
అయిదున్నర కాలేదు. లైటు భగ్గున వెలుగుతూనే ఉంది.
ఒక రెమ్మ ముడిచింది. తర్వాత దాని కిందది.
జంటలు జంటలుగా ఆకులు మూసుకున్నాయి,
డ్యూటీ దిగి సైకిళ్లు తీసుకునేవాళ్లలా, ఏ తొందరా లేకుండా.
ట్యాంకు వెనక, నాకు కనపడని చోట,
పొద్దు అప్పుడే కుంగుతూ ఉండాలి.
గోడలోంచి దానికెవరు చెప్పారు?
ఇరవై నాలుగు వాట్లూ
మూసిన ఆకుల మీద ఊరికే పడుతున్నాయి.

లేచి టైమరు ముల్లు అరగంట వెనక్కి తిప్పాను.
బియ్యంలో రాళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

మర్నాడు రాత్రి డ్యూటీకి చెప్పులు వేసుకుంటూ
వంటింటి చీకట్లోకి తొంగి చూశాను.
కదలకండి, అనబోయాను.