వెనక్కి కట్టుకున్న చేతులు

సలాలాలో ఖరీఫ్ తుంపర ఆగని జులై.
ఆసుపత్రి వెనక స్కిల్స్ ల్యాబ్‌లో
బల్ల మీద ఒక రబ్బరు చెయ్యి.
మా ముందు బ్యాచీలు పొడిచి పొడిచి
మోచేతి మడత జల్లెడైంది,
కళ్ళు మూసుకుని సూది దించినా ఎర్రనీళ్ళే.

బద్రియా మేడమ్ మొదటిరోజే
ఆ కన్నాలన్నిటి మీదా ప్లాస్టర్ అంటించింది.
"ఇప్పుడు వెతకండి" అంది.

ఆమె ఇంగ్లీషు నాకు సగమే అందేది,
మిగతా సగం ఆమె వేళ్ళు చెప్పేవి.
ఒకసారి మాట్లాడకుండా చేసి చూపేది,
ఒకసారి మాట్లాడుతూ.
మూడోసారి మమ్మల్ని చెప్పమనేది,
మేం ఏం చెబితే అదే చేసేది.
పట్టీ విప్పమనడం మరిచాను నేను.
ఆమెకు తెలుసు. విప్పలేదు. సూది లాగింది.
నా మరుపు ఆమె తెల్లకోటు మీద ఎర్రగా చిమ్మింది.
ఆ పూటంతా ఆ కోటుతోనే తిరిగింది,
ఒక్క మాటా అనలేదు.

నా వంతు వచ్చింది.
సూది కొస వణుకుతోంది.
ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది,
నాకున్న తీరికంతా తనకూ ఉన్నట్టు.
కానీ వెనక అద్దాల బీరువాలో చూశాను:
ఒక చెయ్యి రెండో చేతి మణికట్టుని
పారిపోకుండా గట్టిగా పట్టుకునుంది.

వార్డులో ఒకసారి ఆమెకే తప్పింది.
దూది అదిమిపెట్టి, మా అందరి ముందూ
ఆ ముసలామెతో అంది:
"తప్పు నాది, మీ నరానిది కాదు."

అక్టోబరులో, రాత్రి డ్యూటీలో,
పోర్టు నుంచి తెచ్చారు జగిత్యాల లక్ష్మీరాజాన్ని.
రెండు రోజుల వాంతులు. నరాలు ఎక్కడో అడుగున.
మొదటిది తప్పింది.
దూది అదిమి, ఆ మాటే తెలుగులో అన్నాను.
అంత నీరసంలోనూ నవ్వాడు:
"రాళ్ళల్ల బోరేస్తున్నవ్ బిడ్డా,
ఫికర్ జెయ్యకు, ఇంకో జాగ జూడు."
చూశాను. కళ్ళతో కాదు, చూపుడువేలితో.
గొట్టం మెడలో ఎర్రచుక్క మెరిసింది.

ఇవాళ జోస్లిన్ అనే కొత్తపిల్ల
అదే రబ్బరు చేతి ముందు కూర్చుంది.
ప్లాస్టర్లు నేనే మార్చాను.
ఆమె వేలు నరం పక్కనే తచ్చాడుతోంది,
కాస్త ఎడమకి, అమ్మా, కాస్త ఎడమకి...
పైకి అనలేదు.
నా చేతులు దురదపెడుతున్నాయి.
వెనక్కి కట్టుకున్నాను,
అద్దాల బీరువాకి ఎదురుగా కాకుండా
గోడవారగా జరిగి.