ఐదో వేలు

మొదటి వారమంతా గీతలే.
స్కేలు లేదు, రబ్బరు అసలే లేదు.
మణికట్టుతో గీస్తే అక్షరం వస్తుంది,
భుజంతో గీస్తేనే గీత వస్తుందంది ఎతేరి టీచరు.
నా గీతలు మాత్రం
త్బిలిసి పాత వీధుల్లో కరెంటు తీగల్లా
ఎక్కడికక్కడ వేలాడబడ్డాయి.

రెండో వారం
తెల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డు.
ఎన్ని రంగులున్నాయి దీన్లో?
ఒక్కటే, తెలుపు, అన్నాను.
ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు.
కిటికీ తెర సగం లాగి వెళ్ళిపోయింది.
మూడు గంటలు కూచున్నాక
గుడ్డు పొట్టకింద నీలం కనబడింది.
ఆ నీలానికి అడుగున
గుడ్డ మీంచి ఎగదన్నిన సన్నటి వెలుగు.
నీడ లోపల కూడా వెలుగు కాపురముంటుందని
పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ చెప్పలేదు నాకు.
మర్నాడు వచ్చేసరికి గుడ్డు లేదు,
వఖ్తాంగ్ ఉడకేసుకు తినేశాడు.

మూడో వారం దూరాలు.
దారులన్నీ పోయి పోయి ఒక చుక్కలో కలుస్తాయంది పుస్తకం.
సొలొలాకి మెట్ల మీద కూచుని చూస్తే
ఏదీ దేంతోనూ కలవదు.
చెక్క బాల్కనీలు తలో పక్కకీ ఒరిగి,
ఇనపకడ్డీలతో కట్టి నిలబెట్టిన గోడ
పడదామా వద్దా అని ఇంకా తేల్చుకోలేక.
నిటారు గీత వెతికి వెతికి అలిసిపోయాను.
బంగాళాదుంపల సంచి మెట్టు మీద దించి
ఒక ముసలామె నా కాగితంలోకి తొంగిచూసింది.
"మా ఇల్లు ఇంతకన్నా వంకర"
అంది, గర్వంగా.

నాలుగో వారం చెయ్యి.
మీ ఇంట్లో ఎవరిదైనా సరే,
పనిలో ఉన్న చెయ్యి.

మా నాన్న ఓతార్ రొట్టెలు కాలుస్తాడు.
నేలలోకి దిగిన మట్టి బట్టీ, బావిలాంటిది,
తెల్లారుజామున నాలుక్కి
నడుం దాకా అందులోకి వంగి
పిండి పడవల్ని నిప్పు గోడకి అతికిస్తాడు.
గోనెసంచి మీద కూచుని పదిహేడు కాగితాలు నింపాను.

టీచరు పదిహేడూ చూసింది. తిరగేసి మళ్ళీ చూసింది.
"ఇతనికి ఎన్ని వేళ్ళు?"
నాలుగు.
పిండి కలిపే మిషన్లో ఉంగరం వేలు పోయింది,
అప్పటికి నాకింకా మాటలు రాలేదు.
"మరి నువ్వు గీసినవి?"

లెక్కపెట్టాను.
మొదటి కాగితంలో ఐదు. రెండో దాన్లో ఐదు.
మూడో దాన్లో లెక్కపెట్టడం ఆపేశాను.

ఆ ఐదో వేలు ఎవరిదో నాకు తెలుసు.
తరగతి గదిలో బీరువా మీద ఉంటుంది
ప్లాస్టర్ చెయ్యి ఒకటి, నున్నగా,
ఏ పనీ చేసి ఎరగంది.
బళ్ళో నాన్న బొమ్మ గీయమన్నప్పుడల్లా
చెయ్యి జేబులో పెట్టి గీసినదాన్ని,
ఆ సంగతి మాత్రం టీచరుకి చెప్పలేదు.

"వేళ్ళు గీయకు" అంది.
"వేళ్ళ మధ్య ఖాళీని గీసుకు రా."

మళ్ళీ నాలుక్కి లేచాను.
ఈసారి చేతిని చూడలేదు,
చెయ్యి లేని చోటు చూశాను.
నడివేలికీ చిటికెన వేలికీ మధ్య
ఒక వెడల్పాటి సందు.
దానికీ అంచులున్నాయి, వంపుంది,
పిండి మొన వచ్చి రోజూ అక్కడే సర్దుకుంటోంది.
రొట్టె చివర మూడే నొక్కులు పడుతున్నాయి.
మా పేటలో ఆ మూడు నొక్కులు చూసే కదా
ఇది ఓతార్ రొట్టె అంటారు!
ముప్ఫయ్యేళ్ళుగా, రోజుకి మూడొందలు,
రబ్బరు వాడకుండా.

బొమ్మ చూపించాను.
చాలాసేపు చూశాడు, చెయ్యి సంగతి ఎత్తలేదు.
"బట్టీ మూతి ఇంత గుండ్రంగా ఉండదే,
ఇటు వైపు కాస్త చితికింది" అని
పిండి వేలితో చూపించాడు.
మరక పడింది.

పదికి ఆరు వేసింది ఎతేరి టీచరు.
మరక ఎక్కడిదని అడగలేదు.
వచ్చే వారం బట్టల మడతలు,
ఎవరిదైనా పాత చొక్కా తెచ్చుకోమంది,
ఇస్త్రీ చెయ్యనిది.