అధిక పీడనం

సీతాఫలాల బండ్లు రసూల్‌పురా మలుపు దాకా వచ్చేశాయి.
తెల్లారగట్ల నాలుగున్నరకి
బేగంపేట అబ్జర్వేటరీలో బెలూను వదిలి
అంకెలు రాసుకుని, కళ్లు మండుతూ
ఇంటికి నడుస్తుంటే
ఇస్త్రీ బండి దగ్గర లస్మవ్వ ఆపింది.

"ఎండ గొడ్తలేదు, సలి గరుస్తలేదు.
పొద్దుగాల ఆరేస్తే పదింటికల్ల
దుప్పట్లు సుత ఎండుతున్నయి.
గాలి ఆఫీసుల కూసుంటవు గద, జెర చెప్పు,
గీ దినాలల్ల దానికి ఏమైతది?"

అధిక పీడనం వస్తుంది, అన్నాను.

బొగ్గులు కుదుపుతున్న చెయ్యి ఆగింది.
"పీడన ఎక్కువైతె సుకమా? యాడన్న ఉన్నదా?
మా ఓనరు కిరాయి పెంచినప్పుడు సుత
గాలి గిట్లనే సల్లగుండాలె మరి."

నిజమే. ఆ మాటని తెలుగులోకి
ఎవరు మోసుకొచ్చారో గానీ,
రేడియో అల్పపీడనం అన్నప్పుడల్లా
ఊళ్లు మునుగుతాయి.
పీడ తగ్గిందని ఎవరూ సంబరపడరు.

ఆమె బల్ల మీది బూడిదలో వేలితో గీశాను.
వానలు వెనక్కి నడిచి వెళ్లిపోయాయి.
ఉత్తరాన నేల చల్లబడిన చోట
గాలి బరువెక్కి కూర్చుంది.
తూర్పున సముద్రం ఇంకా వెచ్చన,
అక్కడ గాలి తేలికై లేస్తోంది.
బరువున్న చోటి నుంచి లేని చోటికి
మన మీదుగా దారి.
ఇవిగో, ఇవి సమభార రేఖలు.
దగ్గర దగ్గరగా పడితే గాలి పరిగెడుతుంది.
ఎడమెడంగా పడ్డాయి ఇప్పుడు,
అందుకే నడుస్తోంది,
ట్యాంక్‌బండ్ మీద రిటైరైనవాళ్లు నడిచినట్టు,
మధ్యలో ఆగి, ఎవరితోనో మాట్లాడి.

పైన కూడా ఒకటి జరుగుతోంది.
గాలి మెల్లగా కిందికి దిగుతోంది.
దిగుతూ నలిగి, నలుగుతూ వేడెక్కి
మబ్బు కట్టబోయే తడిని తాగేస్తోంది.
మబ్బు లేని రాత్రి మూత లేని గిన్నె.
పగలు దాచిన వేడంతా చుక్కల వైపు పోతుంది.
అందుకే పొద్దున నీ బొగ్గుల మీద చేతులు కాచుకుంటావు,
మధ్యాహ్నం నీడకి బండి జరుపుకుంటావు.
పైగా మన ఊరు రాతిగుట్టల మీద,
సముద్రానికి అయిదువందల మీటర్ల పైన.
మా బారోమీటరు ఎంత ఎగిరినా
తొమ్మిదివందల యాభై ఆరు.
తీరంలో ఆ అంకె పడితే
అది తుఫాను కన్ను.
ఇక్కడ, సీతాఫలాలు.

లస్మవ్వ ఇస్త్రీపెట్టె ఎత్తింది,
ఏడు కిలోల ఇత్తడి.
నా చీర అంచు మీద ఆనించి
"బరువు వెట్టాలె, వేడి వెట్టాలె,
గప్పుడే ముడతలు వోతయి.
నీ పీడనం నా పనే జేస్తున్నది గద."

ఏడేళ్లు చదివాను.
ఇంత పొట్టిగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.
ఆ బరువే, అన్నాను,
రాత్రిళ్లు బాలానగర్ పొగని లేవనివ్వదు.
నీ బొగ్గు పొగ నీ చుట్టే తిరుగుతుంది.
"దసరా దాటినంక నాకు దగ్గు షురువైతది.
గందుకేనా?" అంది.
కొంగుతో నోరు తుడుచుకుంది.
కొంచెంసేపు ఇత్తడి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఈపాటికి నా బెలూను
పీడనం పదికి పడిపోయిన చోట
ఒత్తేవాళ్లు లేక ఉబ్బి ఉబ్బి
పగిలిపోయి ఉంటుంది.
దాని తెల్ల డబ్బా ఏ మక్కచేనులోనో
ఎవరికో దొరుకుతుంది,
బాంబనుకుని భయపడతారు.

"రెండు చీరలు, ఒక లంగ.
చిల్లర లేకుంటె రేపియ్యి.
ఇంకో నాలుగు దినాలు
ఈ గాలి యాడికీ వోదు గద?"

పటంలో అండమాన్ దగ్గర ఒక గీత
తన తోకని తానే అందుకోబోతోంది.

నాలుగు దినాలు పోదు, అన్నాను.