ఎవరికీ పట్టని గౌను

నేను పాతకాలం మనిషిని, ముందే చెబుతున్నా.
కిందపడ్డ రొట్టెముక్కని దులిపి తినే ఇంట్లో పెరిగాను.
దేవుడు, దేశం, పెళ్లినాటి మాట,
ఈ మూడింటి మీదా పరాచికాలాడే వాళ్లతో
ఒకే బల్ల దగ్గర కాఫీ తాగను.
రక్షణ పోలీసులో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను.
ఒక్క ఫైలే నాతోపాటు ఇంటికొచ్చింది,
కాగితాలుగా కాదు.

ఆమె పేరు ఐలి అన్నారు.
యుద్ధంలో చెదిరిపోయిన ఇంగ్రియా పిల్లట,
మాటలో ఆ కాస్త యాస అందుకేనట.
ఉర్హో లెమ్మెత్తి నమ్మాడు.
కోట్కా రేవులో సముద్రపటాలు గీసేవాడు,
నలభై దాటిన బ్రహ్మచారి,
తన రబ్బరుముక్క కంటే మెత్తనివాడు.
ఎర్ర ఇటుకల చర్చిలో పాస్టర్ అడిగితే
ఆమె "అవును" అంది
తనది కాని పేరుతో.

తొమ్మిదేళ్లు కాపురం చేసింది.
శనివారం శనివారం ఆవిరిగది కాచింది.
రై పిండి పులియబెట్టింది.
చర్చి గాయకుల్లో రెండో వరుసలో నిలబడి
ఒక్క స్వరమూ తప్పలేదు.
రాత్రి మొగుడు గుర్రుపెట్టాక
అతని సంచిలోని సముద్రపు లోతుల్ని
గౌను కత్తిరింపు కాగితాల మీదికి ఎక్కించింది.
నడుము దగ్గర పదకొండు,
భుజం దగ్గర ఏడున్నర,
చంక కింద చుక్కల గీత:
యుద్ధనౌక పట్టేంత దారి.
నెలకో కవరు, లెనిన్‌గ్రాద్‌లో ఉన్న "పిన్ని"కి.

మేం ఆరుగురం, రెండు కార్లు, పద్నాలుగు నెలలు
ఆమె వెనకే తిరిగి జలుబు పట్టించుకున్నాం, ఆమెని పట్టలేదు.
పట్టింది నా భార్య హిల్క.
వంటింటి బల్ల మీద నేను మరిచిన ఫొటో చూసి
పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే అంది:
"ఈ కొలతలకి కుడితే
ఏ ఆడదానికీ పట్టదు ఈ గౌను."

తలుపు తట్టినప్పుడు పారిపోలేదు.
పొయ్యిలో రొట్టె ఉంది, పన్నెండు నిమిషాలు ఆగండి అంది.
టోపీలు చేతుల్లో పట్టుకుని
ఆగాం.

మూడు రోజులు ఏం అడిగినా నోరు విప్పలేదు.
నాలుగోనాడు తనే అంది:
"సమాధుల పుస్తకంలో పిల్ల పేరు మాత్రం కొట్టెయ్యకండి.
అదొక్కటే నిజం పేరు."
మూడు రోజులు బతికిన బిడ్డ.
వెళ్లి చూశాను. జినైదా.
మా వైపు ఎవరూ పెట్టని పేరు.
ఆ పేరుతో ఒక్క పిలుపు
ఆమె ఎంతకాలంగా వినలేదో.

పైనించి ఫోనొచ్చింది.
పొరుగింటివాడు పెద్దవాడు, చప్పుడు వద్దన్నారు.
కేసు లేదు, కోర్టు లేదు.
సరిహద్దు స్టేషన్లో రైలెక్కించాం.
కిటికీ పక్క సీటు ఇచ్చినా
ఆమె ఇటు చూడలేదు.

ఆ పెళ్లి చెల్లదని చట్టం చెప్పింది,
పాస్టరూ మెల్లగా అదే చెప్పాడు.
ఉర్హో చాలాసేపు టోపీ అంచు తిప్పుతూ కూచుని
"ఆమె ఏ పేరుతో అందో నాకు తెలీదు.
నేను మాత్రం నా పేరుతోనే అన్నాను" అన్నాడు.
ఉంగరం తియ్యలేదు.

ఆమెని నేను క్షమించలేదు.
ఆ లోతుల మీద మా కుర్రాళ్ల ప్రాణాలు తేలుతున్నాయి.
అబద్ధపు నోటితో చేసినా ప్రమాణం ప్రమాణమే.
ఆమె దేశానికిచ్చిన మాట ఆమె నిలబెట్టుకుంది, అదీ నిజమే.
ఒకే గొంతులో రెండు ప్రమాణాలు కుక్కి
సరిహద్దు దాటించిన పెద్దమనుషులెవరో
వాళ్లకి ఏ పొయ్యిలోనూ రొట్టె మాడలేదు.

హిల్క ఒక చలికాలం, నాకు చెప్పకుండా,
అవే కొలతలతో బూడిదరంగు గౌను కుట్టింది.
కొయ్యకి తగిలిస్తే
ఎడమ భుజం జారి, నడుమే లేకుండా వేలాడింది.
కాసేపు ఇద్దరం చూశాం.
"పట్టదన్నానుగా" అని
కుట్లు విప్పి
గుడ్డ మడిచి పెట్టుకుంది.