అరుంధతి చూపిన వేలు

వేట నిషేధం రెణ్ణెల్లూ
హార్బర్లో బోట్లు కట్టేసి ఉంటాయి.
వాటి ఇంజెక్టర్లు చెంగల్రావుపేటలో మా వెనక వసారాలో
గోనెపట్టా మీద, పీకిన పళ్లలా.

సముద్రం మీద సర్కారు నిషేధం,
నా పొయ్యి మీద ఎల్లాజీ నిషేధం.
ఆ చేతిపంపు బయటికి తీశాడంటే
గ్యాసు కట్టేయాలి,
దేవుడి దగ్గర దీపం కొండెక్కాలి,
పక్కింటి సన్యాసిరావు బీడీ ఆర్పాలి, ఆర్పనంటే
వీధి చివర దాకా దిగబెట్టి రావాలి.
తలుపులు బార్లా తెరవాలి. ఇసక బకెట్ చేతికందాలి.
చేపల పులుసు సగంలో ఆగుతుంది.
"ఆగనీ, పులుసు మళ్లీ కాగుతాది" అంటాడు.

కళ్లద్దాలు పెట్టుకుని
ఇంజెక్టర్ ముక్కు గాజు సీసాలోకి దించి
మీట నొక్కుతాడు.
ముల్లు నూరు దాటి, నూట యాభై దాటి
రెండొందల దగ్గర
కిర్రుమంటుంది.
సీసా నిండా డిసెంబరు పొద్దుటి కైలాసగిరి.
అన్ని వైపులా సమంగా, తెల్లగా.
అది మంచిది.

రెండోది ఒక పక్కకే ఉమ్ముతుంది.
మూడోది జలుబు చేసిన పిల్లాడు,
ముక్కు చివర బొట్టు వేలాడేసుకుని చూస్తాడు.

భీమిలి నుంచి కొత్తగా చేరిన గౌరినాయుడు
ఆ మంచు చల్లగా ఉంటుందేమోనని
చెయ్యి చాపాడు.
ఎల్లాజీ ఎవర్నీ కొట్టడు. ఆ రోజు కొట్టాడు.
కొట్టిన చెయ్యే వాడి ముందు పెట్టాడు.
చూపుడువేలు ఉండాల్సిన చోట గాలి.

"సూది గుచ్చినంత కూడా లేదురా.
నెత్తురు చుక్క లేదు. తుడుచుకుని టీకెళ్లాను.
లోపలికెళ్లడానికి డీజిల్ ఎవర్నీ అడగదు.
రాత్రికి వేలు వంకాయైపోనాది.
కేజీహెచ్‌లో డాక్టరమ్మ ఒకటే అడిగింది,
పొద్దున్నే ఎందుకు రాలేదని."

కుర్రాడు సీసా కేసి చూళ్లేదు.
ఆ ఖాళీ కేసే చూశాడు చాలాసేపు.

పెళ్లిలో నాకు అరుంధతి చూపించిన వేలది.
మిట్టమధ్యాహ్నం, మబ్బు కూడా,
ఏమీ కనపడలేదు.
కనపడిందని తలూపాను.
ఇప్పుడడిగితే నిజమే చెప్తాను,
అడగడు.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి
బోట్లన్నీ ఒక్కసారే గొంతు సవరించుకుంటాయి.
మేడ మెట్ల మీద కూర్చుని వింటాడు,
ఏ బోటు దగ్గుతుందో, ఏది పొగ మింగుతుందో,
మిగిలిన వేళ్ల మీద సిలిండర్లు లెక్కపెడుతూ.
చివరి చప్పుడు డాల్ఫిన్ నోస్ దాటాక
నా కేసి తిరిగి
"ఇంక పొయ్యెలిగించు" అంటాడు.